ఓడిపోవాలని మొక్కిన ఇల్లు

మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీము గెలవాలని ధర్మపురి బస్టాండు చుట్టుపక్కల మొక్కుకోనివాళ్ళు లేరు. ఓడిపోవాలని మొక్కుకున్న ఇల్లు ఒకే ఒక్కటి ఉండేది. అది మాది. ఈ మాట అప్పట్లో నోరుజారి బయట అని ఉంటే బస్టాండులో మాకు టీ నీళ్ళు కూడా పుట్టేవి కావు.

ఎనభైల నడుమ సంగతి ఇది. నేను హైస్కూల్లో ఉన్నాను. బస్టాండు వెనక సందులో నాయనకు చింతపండు మండి. ఎన్ని తరాల కిందట ఏ తెలుగు ఊరు నుంచి వచ్చి ఈ తమిళనాడులో పడ్డామో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు మా ఇంట్లో ఒక్కరూ లేరు. నేను కూడా పెళ్ళయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను.

అన్న అప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. వాడికి చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చింది. మోకాళ్ళు వాచి నెలల తరబడి మంచం మీదే ఉన్నాడు. జ్వరం పోతూ పోతూ గుండెను పాడుచేసి పోయింది. గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం లేదని సేలం డాక్టరు తన రెండు అరచేతులూ తలుపు రెక్కల్లా పెట్టి చూపించాడట. పరుగులు వద్దు, బరువులు వద్దు, నెలనెలా సూది మరవవద్దు అన్నాడు. అమ్మ తీర్థమలై కొండ గుడి నుంచి నీళ్ళు తెప్పించి తాగించింది. సూదీ మానలేదు, తీర్థమూ మానలేదు.

ఈ సంగతి మా నలుగురికి తప్ప బయట ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు. గుండెజబ్బు ఉన్న ఇల్లని పేరు పడితే వాడికి పిల్లనెవరిస్తారు, రేపు నన్నెవరు చేసుకుంటారు? మా వాళ్ళలో ఒక ఇంటి రోగం పది ఊళ్ళ చుట్టాల నోళ్ళలో నానుతుంది. అందుకని సూది వేయించడానికి కూడా మా ఊరి ఆసుపత్రికి కాదు, పక్క ఊరు కారిమంగళం తీసుకుపోయేవాళ్ళు. సంతకు పోతున్నామని చెప్పేవాళ్ళు. ఆ గుట్టు నా పెళ్ళి కోసం కూడా కాపాడారని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మంచాన పడిన పిల్లవాడు పదిహేను దాటాక ఒక్కసారిగా ఎదిగాడు. మా ఇంటి దూలానికి తల కొట్టుకునేంత పొడవు. కాలేజీలో చేరిన వారమే డ్రిల్లు మాస్టరు కళ్ళు వాడి మీద పడ్డాయి. ఎర్రమట్టి నేల, వాన పడితే జారుడు, రెండు ఇనుప స్తంభాలు, వల లేని రింగులు. అదీ మా కాలేజీ కోర్టు. అందులో చేయి ఎత్తితే చాలు రింగు అందేటట్టు ఉన్నవాడు దొరికితే ఆ మాస్టరు వదులుతాడా? అన్న మొదటి ఏడాది ఇంట్లో తెలియకుండానే ఆడాడు.

తెలిసిన రోజు నాయన ఒంటికాలి మీద లేచాడు. చేతికందిన మరచెంబు గోడకేసి కొట్టాడు. అన్న తినడం మానేశాడు. అమ్మ బతిమాలింది, నాయన తిట్టాడు, మళ్ళీ అమ్మ బతిమాలింది. చివరికి నాయన వాడి చాప దగ్గర గొంతుక్కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాడు.

"ఈ ఒక్క సీజను ఆడుకో. టీము ఎప్పుడు ఓడిపోతాదో ఆ దినంతో సరి. మళ్ళీ బాలు ముట్టుకోగూడదు. సామి మీద ఒట్టెయ్."

అన్న వెంటనే ఒట్టు వేశాడు. నాయన ఎందుకంత సులువుగా దిగివచ్చాడో నాకు ఆ తర్వాత అర్థమైంది. మా టీము పుట్టిన నాటి నుంచి మొదటి మ్యాచ్ దాటి ఎరగదు. ఆయుధపూజ అయ్యాక చుట్టుపక్కల జిల్లాల కాలేజీల పోటీలు మొదలయ్యేవి. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు పై మ్యాచ్‌కి. మావాళ్ళు ప్రతి ఏడూ మొదటి పొద్దునే ఓడి మధ్యాహ్నానికల్లా ఇంట్లో భోజనానికి ఉండేవాళ్ళు. నాయనకు వాళ్ళ ఓటమి మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. ఒక్క మ్యాచ్ ఆడనిస్తే పీడ పోతుంది, పిల్లవాడు దక్కుతాడు, మాట పోదు. ఇదీ ఆయన లెక్క.

అంత ఓడే టీముకు అంత మంది అభిమానులు ఎలా పుట్టుకొచ్చారని అడగవద్దు. మా ఊళ్ళో వానలు తప్ప ఎదురుచూడటానికి ఇంకేమీ ఉండేది కాదు, అవీ సరిగా వచ్చేవి కావు. బస్టాండు టీకొట్టు దగ్గర చేరే జనానికి పెద్ద తలకాయ ఒక టైలరు. నాయనకంటే వయసులో పెద్దవాడు, మెడలో టేపు తీయకుండానే నిద్రపోతాడని అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. జీవితంలో బంతి ముట్టుకోలేదు గానీ ఎవడు ఏ పక్కకు తిరిగి వేస్తే రింగులో పడుతుందో గంటసేపు చెప్పగలడు. టీముకు బనియన్ల మీద నంబర్లు కుట్టింది ఆయనే.

మ్యాచులు పొద్దునపూట, ఎండ ముదరకముందే ఆడేవాళ్ళు. టీముతో వెళ్ళిన స్టూడెంట్లలో ఎవరో ఒకరు సేలం బస్టాండుకు పరుగెత్తి మా వైపు వచ్చే బస్సు కండక్టరు చెవిన ఫలితం వేసేవాళ్ళు. ఆ కండక్టరు కారిమంగళం దగ్గరివాడు, మా తెలుగు మాట్లాడే ఇంటివాడే. గెలిస్తే బస్సు ఆగకముందే ఫుట్‌బోర్డు మీద నుంచి కేక వేయాలి. ఓడితే చెప్పడానికి ఒక పద్ధతి ఉండేది.

మా వైపు చావు కబురు ఖాళీ కడుపు మీద చెప్పరు. విన్న తర్వాత శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి వెలగదు, ఎవరూ ముద్ద ముట్టరు. అందుకని కబురు తెచ్చినవాడు ముందు తిన్నారా లేదా చూస్తాడు. తినకపోతే ఏదో ఒకటి చెప్పి తినిపించి, చేయి కడుక్కున్నాక నోరు విప్పుతాడు. ఆటలో ఓటమికి ఈ మర్యాద అంటుకున్నది టైలరు వల్ల. ఒక ఏడాది ఓడిన సంగతి భోజనానికి ముందు విని, ఆయన రోజంతా పచ్చి గంగ ముట్టలేదు. మరునాడు ఆయన పెళ్ళాం టీకొట్టు దగ్గరికి వచ్చి కండక్టరును నిలబెట్టి కడిగేసింది. అప్పటి నుంచి కండక్టరు ఆకలితో ఉన్నవాడికి ఓటమి చెప్పడు. దిగి, చేతిసంచీ సర్దుకుని, "మొదట పోయి తిని రాపో" అంటాడు. అన్నాడంటే ఓడారని అందరికీ తెలుస్తుంది. తెలిసినా ఎవరూ రెట్టించరు. ఒక్కొక్కరే తలకాయలు వంచుకుని భోజనాలకు పోయి, తిరిగొచ్చి, ఎన్ని పాయింట్లకు పోయిందో అప్పుడు అడుగుతారు.

ఆ ఏడు మొదటి మ్యాచ్ రోజు నాయన అన్నం ముట్టలేదు. మండిలో చింతపండు గంపల మధ్య కూర్చుని బస్సు వచ్చే వైపే చూశాడు. సెలవు కావడంతో నేనూ అక్కడే ఉన్నాను. బస్సు మలుపు తిరిగిందో లేదో కండక్టరు కేక వినపడింది.

"జయించినాం!"

టైలరు షాపు వదిలేసి రోడ్డు మీదకు దూకాడు. ఎవరో మిఠాయి పంచారు. నాయనకు ఎదురుగా వచ్చి చేతులు పట్టుకుని ఊపినవాళ్ళందరికీ ఆయన నవ్వుతూ తల ఊపాడు. ఆ నవ్వు చూడలేక నేను గంపల వైపు తిరిగాను. ఇంటికి వచ్చాక అమ్మ అడిగింది ఒకటే.

"వాడు నిలబడినాడా? సొంత కాళ్ళ మీద దిగినాడా?"

ఊరు ఎన్ని పాయింట్లని అడిగేది, మా అమ్మ ఇది అడిగేది.

సాయంత్రానికి అన్న వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది, పెదవులు మాత్రం నేరేడు రంగులో ఉన్నాయి. ఆ రాత్రి వాడు పడుకోలేదు. రెండు దిండ్లు గోడకు ఆనించుకుని కూర్చునే కునుకు తీశాడు. పొద్దున నేను కాఫీ ఇచ్చి పక్కన కూర్చున్నాను.

"ఎందుకన్నా ఇది? చాలించుకో. కాలు బెణికిందని చెప్పు మాస్టరుకు."

"పాపా, ఒకటి చెప్తా విను. ఇంట్లో సుమ్మా, ఊరికే ఉన్నప్పుడు నాకు ఎప్పుడూ ఇదే తలపు. ఈ పొద్దు ఆగిపోతాదా, రేపు ఆగిపోతాదా అని. కోర్టులో దిగితే జ్ఞాపకమే రాదు. నువ్వు కవలైపడొద్దు, దిగులు పెట్టుకోవద్దు."

నేను వాడితో తెగ పోట్లాడాను. మొండివాడివన్నాను, అమ్మ ఉసురు తగులుతుందన్నాను. వాడు నవ్వి నా జడ లాగాడు. వాడి మీద నాకున్న కోపంలో సగం ఆ నవ్వు మీదే.

రెండో మ్యాచ్ కూడా గెలిచారు. ఇక ఊరికి పిచ్చి పట్టింది. మా పక్కనున్న ఇండూరు పల్లె నుంచి చింతపండు తోలుకొచ్చే రైతులు కూడా మండిలో బేరం పక్కన పెట్టి, "మీ అబ్బాయి కదా?" అని అడిగేవాళ్ళు. టైలరు మండికి వచ్చి నాయన మెడలో దండ వేశాడు. నాయన ఆ దండతోనే ఇంటికి వచ్చి, తీసి బావి గట్టు మీద పెట్టి, అక్కడే చాలాసేపు కూర్చున్నాడు. అమ్మ వెళ్ళి పక్కన నిలబడింది.

"ఆ మాస్టరుకు చెప్పేద్దాం. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దాం" అంది.

"చెప్తే ఊరంతా తెలిసిపోతాదే."

"తెలిస్తే తెలియనీ."

నాయన లేచి చెప్పులు వేసుకున్నాడు. వీధి మలుపు దాకా పోయి వెనక్కి వచ్చాడు. "ఇంకొక్క మ్యాచ్చే కదా. ఈసారి సేలం వాళ్ళతో. వాళ్ళను ఎవరూ గెలిచింది లేదు. ఖచ్చితంగా ఓడిపోతారు. దాంతో సరి" అన్నాడు. ఆ మాట ఆయన అమ్మకు చెప్పాడా, తనకు తాను చెప్పుకున్నాడా నాకు తెలియదు. అమ్మ మాత్రం లోపలికి పోయి పసుపుగుడ్డలో ముడుపు కట్టి దేవుడి పటం ముందు పెట్టింది. ఏమని మొక్కుకున్నావని నేను అడగలేదు. ఆవిడ పెదవులు కదిలినప్పుడు విన్నాను. ఓడించు సామీ, ఓడించు.

సేలం మ్యాచ్ నాడు తెల్లవారే ముందు నుంచే ముసురు. అన్న వెళ్ళేటప్పుడు అమ్మ పెరుగన్నం తినిపించింది. తల వంచి గడప దాటి, "వస్తానమ్మా" అని గొడుగు లేకుండానే పోయాడు. నాయన మండికి పోయి గంపలు లోపలికి జరిపించాడు. నేను బడి ఎగ్గొట్టాను. ఆ రోజు నన్నెవరూ బడికి పొమ్మనలేదు కూడా.

మధ్యాహ్నం బస్సు ఆలస్యంగా వచ్చింది. ఫుట్‌బోర్డు మీద కేక లేదు. టీకొట్టు దగ్గర జనం అడుగు ముందుకు వేసి ఆగిపోయారు. కండక్టరు దిగాడు. సంచీ సర్దుకోలేదు. ఎవరి వైపూ చూడకుండా నేరుగా మా మండికే వచ్చాడు. వానకు తడిసిన చొక్కా ఒంటికి అతుక్కుని ఉంది.

"అన్నా, నువ్వు తిననే లేదు కదా. మొదట ఇంటికి పోయి తిను. వదినను కూడా తినమను" అన్నాడు.

నాయన ముఖం నేను చూశాను. ఎన్నో వారాల తర్వాత ఆ ముఖంలోకి రక్తం వచ్చింది. కండక్టరు భుజం మీద చేయి వేసి, "సరే అప్పా, సరే, ఆటలో ఇదంతా ఉండేదే" అన్నాడు. కండక్టరు కళ్ళు దించుకున్నాడు. ఓటమికి దించుకున్నాడనే నేనూ అనుకున్నాను. మేము బయలుదేరుతుంటే వెనక టైలరు ఏదో అడగబోవడం, కండక్టరు ఆయన చేయి పట్టుకుని ఆపడం కనిపించింది. టైలరుకు కూడా అన్నం కాలేదేమో అనుకున్నాను.

దారిలో నాయన వాన లెక్కచేయకుండా మిఠాయి కొట్టు దగ్గర ఆగి మైసూరుపాకు కట్టించాడు. పూలమ్మి దగ్గర అమ్మకు మల్లెపూలు తీసుకున్నాడు. ఆయన అమ్మకు పూలు కొనగా నేను చూసింది అదే మొదలు. గడపలో నుంచే పిలిచాడు.

"ఏమే! ఓడిపోయినారే! సరిపోయింది, అంతా సరిపోయింది!"

అమ్మ చేతిలో గరిటె ఉంది. అలాగే గోడకు ఆనుకుని జారి కూర్చుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఆ ఏడుపులోనే నవ్వింది. తర్వాత లేచి దీపం ముట్టించి, మా ఇద్దరికీ ఆకులు వేసి, తనూ కూర్చుంది. మేము ముగ్గురం ఒకేసారి కూర్చుని తిన్నది మా ఇంట్లో అరుదు. నాయన చారు మళ్ళీ పోయించుకున్నాడు. వాడు ముఖం మాడ్చుకుని వస్తాడు, ఎవరూ ఏమీ అనొద్దు, డిగ్రీ అయ్యాక మండిలో పక్కనే గద్దె వేసి కూర్చోబెడతాను, లెక్కలు వాడికి బాగా వస్తాయి, ఇట్లా మాట్లాడుతూనే ఉన్నాడు. అమ్మ వాడి వంతు మైసూరుపాకు తీసి ఎత్తిపెట్టింది.

చేతులు కడుక్కునే వేళకు గుమ్మంలో టైలరు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, మేము తినేదాకా వానలో ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. చెప్పులు బయట విడిచాడు. మెడలో టేపు నీళ్ళు కారుతోంది. ఏడుస్తున్నాడు. నాయన తువ్వాలుతో చేయి తుడుచుకుంటూ దగ్గరికి పోయాడు.

"ఏమన్నా, చిన్నపిల్లోని మాదిరి? దీనికి పోయి ఏడుస్తారా? వచ్చే ఏడు గెలుస్తారు పో. లోపలికి రా, మైసూరుపాకు తిను."

నాయన ఆయన వీపు నిమురుతూ నిలబడ్డాడు. ఓదారుస్తున్నాడు. లోకంలో ఎవరికీ రాకూడదు అట్లాంటి ఘడియ.

అప్పుడు అమ్మ టైలరు వెనక వీధిలోకి చూసింది. పక్కింటావిడ, ఆమె కోడలు, ఎదురింటి ముసలామె, టైలరు పెళ్ళాం, వానలో తలమీద కొంగులు కప్పుకుని ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. బాస్కెట్‌బాల్ ఫలితానికి ఆడవాళ్ళు రారు. అమ్మ అది నాయనకంటే ముందు అర్థం చేసుకుంది. ఆ అరుపు గురించి నేను రాయను.

మ్యాచ్ అయిపోయి విజిల్ వేశాక అన్న కోర్టు మీదే కూర్చున్నాడట. నీళ్ళు ఇచ్చారట. తాగి, పక్కకు ఒరిగాడట. ఆసుపత్రికి ఎత్తుకుపోయేలోపే అయిపోయింది. సాయంత్రం వ్యానులో తెచ్చారు. వాడి పొడవుకు మా చాప చాలలేదు. రెండు చాపలు కలిపి వేశారు. కొత్త గుడ్డ కప్పడానికి టైలరు స్వయంగా కొలత తీసుకుంటానని వంగి, టేపు పట్టుకోలేక లేచి పోయాడు.

గుండె సంగతి అప్పుడు ఊరంతటికీ తెలిసింది. డ్రిల్లు మాస్టరు నాయన కాళ్ళ దగ్గర కూర్చుని, "ఒక్క మాట చెప్పి ఉండగూడదా సార్" అని తమిళంలో అడిగాడు. కాలేజీ టీము పై మ్యాచ్‌కి పోకుండా మానుకుందని తర్వాత విన్నాను. మా ఇంట్లో ఆ ఆట పేరు ఎవరూ ఎత్తలేదు. అమ్మ దేవుడి పటం ముందున్న పసుపుగుడ్డ విప్పలేదు, పారేయలేదు. నాయన తిన్న అన్నాన్ని తలచుకుని తలచుకుని వాంతి చేసుకునేవాడు. గెలిచారా ఓడారా అన్నది ఎవరూ ఆయనకు చెప్పలేదు, ఆయన అడగలేదు. ఊరికంతా తెలిసిన ఫలితం మా గడప లోపలికి మాత్రం రాలేదు.

కర్మాంతరం రోజు కండక్టరు వచ్చాడు. ఎవరికీ ముఖం చూపించలేక పందిరి చివర, నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చున్నాడు. భోజనాలకు లేవమంటే లేవలేదు. బంధువులంతా లోపల ఉండగా నాయన నెమ్మదిగా నడిచి వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను చెంబులు కడుగుతూ అక్కడే ఉన్నాను.

"ఆ మ్యాచ్చు ఏమైంది అప్పా?"

కండక్టరు ఉలిక్కిపడ్డాడు. "గెలిచినాం అన్నా" అన్నాడు. "ఒక్క పాయింటుతో. కడాసి బాలు, ఆఖరుది, మనవాడే వేసినాడు."

గెలిచినందుకు నాయనకు కోపం వస్తుందేమో, కండక్టరు మీద విరుచుకుపడతాడేమో అని నేను చెంబు కింద పెట్టేసి లేచాను.

"జనం కేకలు పెట్టినారా?"

"పెట్టినారు అన్నా. సేలం వాళ్ళు కూడా పెట్టినారు."

"వానికి వినపడి ఉంటాదా?"

"వినపడింది అన్నా. తల తిప్పి చూసినాడు. నవ్వినాడు."

కండక్టరు ఆ మ్యాచ్ చూడలేదు. ఆ వేళకు బస్సులో టికెట్లు ఇస్తున్నాడు. అది నాకు తెలుసు. నాయనకు ఇంకా బాగా తెలుసు.

"నవ్వినాడా?" అన్నాడు నాయన.

"నవ్వినాడు అన్నా."

అమ్మ ఎప్పుడు వచ్చిందో గడప మీద చేయి ఆనించి నిలబడి ఉంది. వాడు పోయిన రోజు తర్వాత ఆవిడ బయటి మనిషితో మాట్లాడటం అదే మొదటిసారి.

"ఇంకొకసారి చెప్పప్పా" అంది.